ఉపేంద్ర గారు ఏ ఊరు అన్నారు?

అక్టోబర్ 6, సోమవారం

ఈ డైరీ పురుగుమందుల కంపెనీ వాళ్ళు మా కొట్టుకు పంపింది. ప్రతి పేజీ కింద ఒక పురుగు బొమ్మ, దానికి ఏ మందు కొట్టాలో రెండు ముక్కలు ఉంటాయి. ఇవాళ్టి పేజీలో మిరప మీద వచ్చే నల్ల తామర పురుగు. జనవరిలో ఉపేంద్ర మూడు పేజీలు రాసి వదిలేశాడు. మిగతాదంతా ఖాళీ. నేను ఐదో తరగతితో ఆగిపోయాను, నా రాత కోడి గీకినట్టుంటుంది. ఎవరూ చదవరు కాబట్టి పరవాలేదు.

పదకొండు గంటలకు వాడి ఫోన్ మోగింది. దానికి రోజూ నేనే చార్జింగ్ పెడుతున్నాను. మొదటి వారం చాలామంది చేశారు. ఆ తర్వాత అది ఫ్రిజ్ మీద ఊరికే పడి ఉంది. ఇవాళ మోగేసరికి చేతిలో పప్పు గిన్నె అలాగే పట్టుకుని పరిగెత్తాను.

"ఉపేంద్ర గారు ఉన్నారా అండీ?" అని ఒక ఆడపిల్ల గొంతు.

"బయటికి పోయాడమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నోట్లోంచి అదే వచ్చింది.

ఆ పిల్ల పేరు శ్రీదివ్య. హైదరాబాదులో టూర్లు వేసే ఆఫీసులో చేస్తుందట. ఈ సీజన్లో మందులు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్ళు డిసెంబర్లో వియత్నాం తీసుకెళ్తున్నారు. ఐదు రోజులు, మనిషికి రెండు టికెట్లు. సగం మంది హనోయ్ అనే ఊరికి, సగం మంది హోచిమిన్ అనే ఊరికి. ఎవరికి ఏది కావాలో వాళ్ళే చెప్పాలి. మావాడికి పోయినేడు కొద్దిలో తప్పిపోయింది. ఈసారి కొట్టాడు.

"సార్ ఏ ఊరు అంటారో కనుక్కుంటారా మేడమ్?"

"అడిగి చెప్తానమ్మా" అన్నాను.

వచ్చే బుధవారం వాడి రెండో నెల మాసికం. పురోహితుడికి కబురు చెయ్యాలి.

అక్టోబర్ 7

మళ్ళీ పదకొండుకే చేసింది. సార్ వచ్చారా అంది. వచ్చి తిని మళ్ళీ పోయాడమ్మా అన్నాను. ఏ ఊరన్నారు అంది. "రెండింటికీ తేడా ఏందో కనుక్కోమన్నాడు" అన్నాను.

హనోయ్ చల్లగా ఉంటుందట. ఊరి మధ్యలో చెరువు, కాస్త దూరం పోతే సముద్రంలో కొండలు, వాటి మధ్య పడవలో తిప్పుతారు. హోచిమిన్ వేడిగా ఉంటుందట. జనం, బజార్లు, ఎక్కడ చూసినా స్కూటర్లు, నేల లోపల యుద్ధం నాటి సొరంగాలు. అవన్నీ ఈ పేజీ వెనక రాసుకున్నాను.

వాడికి చలి పడదు. అలాగని జనమూ పడదు.

అక్టోబర్ 9

ఒక సంగతి కనిపెట్టాను. రోజుకు ఒక్క ప్రశ్నే అడగాలి. రెండు అడిగితే రెండింటికీ ఒకేసారి చెప్పేస్తుంది. ఒకటే అడిగితే కనుక్కుని రేపు చేస్తానంటుంది.

నిన్న: హనోయ్‌లో పెరుగు దొరుకుద్దా అని మావాడు అడగమన్నాడమ్మా.

ఇవాళ: దొరుకుతుంది మేడమ్, కానీ తియ్యగా ఉంటుంది. హోచిమిన్‌లో ఇండియా హోటళ్ళు ఎక్కువ.

రేపటికి: హోచిమిన్‌లో మంచాలు ఎత్తా, పల్లమా అని అడుగుతాను. వాడు నిద్రలో దొర్లుతాడు.

"సార్ చాలా జాగ్రత్తపరులు మేడమ్" అంది ఆ పిల్ల. నాకు చాలా సంతోషం వేసింది. వాడికి జాగ్రత్త ఎక్కడిది. బండిలో పెట్రోలు చూసుకోకుండా బయల్దేరి, నెలకు రెండుసార్లు వినుకొండ రోడ్డు మీద నెట్టుకుంటూ వచ్చేవాడు. జ్వరం ఐదు రోజులున్నా ఆస్పత్రికి పోకుండా కొట్టులో కూర్చున్నవాడు.

అక్టోబర్ 10

మంచాలు పల్లమేనట.

అక్టోబర్ 11, శనివారం

కంపెనీ వాళ్ళు ఏ ఊరని అడుగుతున్నారు అని ఆయనతో అన్నాను, అంతవరకే. నేను ఆ పిల్లకు ఏం చెబుతున్నానో చెప్పలేదు. మా ఆయన వెంకటాద్రి గారు ఏ మాటైనా కొట్టులో పెట్టందే నిద్రపోరు. సాయంత్రానికి మందు కొనడానికి వచ్చిన రైతులందరినీ అడిగి, బిల్లు బుక్కు వెనక గీతలు గీసుకొచ్చారు. హనోయ్ పదకొండు, హోచిమిన్ పద్నాలుగు. "గుంటూరు చాలు" అన్నవాళ్ళు ఇద్దరు.

"బెల్లంకొండ ఆయన ఒకడు గంటసేపు కదల్లేదే" అన్నారు. "హోచిమిన్ అనేది మనిషి పేరంట గదా, మనిషి పేరెట్టిన ఊళ్ళో మనుషులకు పని దొరకదు అంటాడు. ఎట్టా అంటే చెప్పడు. అర లీటరు మందు తీసుకుని పోయాడు."

రెండు నెలల్లో ఆయన ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. మజ్జిగ రెండోసారి పోయించుకున్నారు.

అక్టోబర్ 12

మాచర్ల నుంచి మా అన్నయ్య ధనుంజయరావు దిగాడు. కొట్టులో ఎవరో చెప్పారట.

"బావ కొట్టు వదిలి రాడు. నువ్వు విమానం ఎక్కలేవు. నీ కోడలికి ఏడాది దాటందే ఊరు కదిలే పని లేదు. ఇంక మిగిలింది నేనూ మీ వదినా. చేసేదేముంది హైమా, త్యాగం చెయ్యాల్సిందే."

"నీకు పాస్‌పోర్టు ఉందా అన్నయ్యా?"

"రేపు అప్లై చేస్తన్నా. ఫోటోలు దిగొచ్చా."

చూపించాడు. ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. హనోయ్ అయితేనే వస్తాడట, వేడి ఒంటికి పడదట. మే నెలలో మాచర్లలో పుట్టినవాడు.

అక్టోబర్ 15, బుధవారం

ఇవాళ మాసికం.

డాబా మీద పిండం పెట్టి అందరం పక్కకు జరిగాం. కాకి వచ్చింది. నీళ్ళ ట్యాంకు మీద కూర్చుంది. దిగలేదు. పావుగంట చూశాం. పురోహితుడు గారికి సత్తెనపల్లిలో ఇంకో ఇల్లు ఉంది, చేతి గడియారం చూసుకుంటున్నారు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో మనసులో ఉండిపోయినట్టు. అది పైకి చెప్పి, తీరుస్తామని మాట ఇవ్వాలి. మా అత్తగారప్పుడు చిన్నాడబిడ్డకు గాజులు చేయిస్తామంటే ముట్టింది.

ఆయన "కొట్టు నేను చూసుకుంటాలేరా" అన్నారు. ముట్టలేదు. మా కోడలు ప్రత్యూష పెదాలు కదిపింది, ఏమన్నదో వినపడలేదు. ముట్టలేదు.

అన్నయ్య ముందుకొచ్చాడు. "అదే, వియత్నాం. ఇంకేముంటది. ఒరేయ్ ఉపేంద్రా, హనోయ్ నేను చూసొస్తా, నువ్వు దిగులు పెట్టుకోబాకురా."

కాకి ముక్కు ట్యాంకుకు రాసుకుంది.

"అయితే హోచిమిన్ అనుకుంటా" అని కిందికి పోయి ఇంకో విస్తరి తెచ్చాడు. పిండాన్ని రెండు చేసి రెండు విస్తళ్ళలో పెట్టి, "ఇది హనోయ్, ఇది హోచిమిన్. నీ ఇష్టం రా" అన్నాడు.

పురోహితుడు గారు "అయ్యా, శాస్త్రంలో ఇట్లా లేదు" అన్నారు.

"శాస్త్రం రాసిననాడు విమానాలు లేవు గదా స్వామీ."

"పుష్పకం ఉందండీ" అన్నారాయన, కోపంగా.

ఈలోపు కాకి ఎగిరి పక్క డాబా మీద వాలింది. పక్కింటి యాస్మిన్ వడియాలు ఎండబెట్టుకుంది. వాటిలో పడింది. యాస్మిన్ హుష్ అనబోయి చెయ్యెత్తింది. మా వైపు చూసి, మా విస్తళ్ళు చూసి, ఎత్తిన చెయ్యి దించేసింది.

"తిననీ పిన్నీ" అంది. "నేను లోపలికి పోతా, నన్ను చూసి బెదిరిద్దేమో."

నేను కళ్ళు మూసుకున్నాను. నాన్నా, నీ సంగతి ఆ టూరు పిల్లకు చెప్పను, బయటికే పోయావు అంటాను, నువ్వు తిను అనుకున్నాను. పైకి అనలేదు.

కళ్ళు తెరిచేసరికి కాకి మా గోడ మీద ఉంది. దిగి హనోయ్‌లో రెండు మెతుకులు, హోచిమిన్‌లో రెండు మెతుకులు తిని పోయింది.

"ముందు హనోయే గదా ముట్టింది" అన్నాడు అన్నయ్య. "రెండూ తిన్నాడు లేవయ్యా" అన్నారు ఆయన. ఇద్దరూ మెట్లు దిగుతూ అదే గొడవ.

ఎందుకు తిన్నదో నాకు తెలుసు. వాడు ఒప్పుకున్నట్టే.

అక్టోబర్ 16

వాడి మనసు హనోయ్ మీదే ఉన్నట్టుంది.

అక్టోబర్ 17

కాదు, హోచిమిన్.

శ్రీదివ్య పాస్‌పోర్టు ఫోటో తీసి పంపమంది. వాడి పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద ఉంది. నాకు ఫోన్లో పంపడం రాదు. ప్రత్యూషను అడిగాను.

"ఎవరికి పంపాలి అత్తయ్యా?"

"ఆ టూరు పిల్లకు."

"ఆయన పాస్‌పోర్టు ఎందుకు వాళ్ళకి?"

నేను పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. అందులో రాళ్ళు లేవు. ప్రత్యూష వాడి ఫోన్ తీసి చూసింది. పదకొండు గంటలకు, పదకొండు గంటలకు, పదకొండు గంటలకు. పది రోజులవి.

"ఏం చెప్తున్నారు అత్తయ్యా వాళ్ళకి?"

"బయటికి పోయాడని."

ఫోన్ మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టింది. తర్వాత, "ఆ అమ్మాయిది ఉద్యోగం అత్తయ్యా. ఆట కాదు. రేపు నేను మాట్లాడతా. ఉన్నమాట చెప్పేస్తా" అంది. ఎమ్మే చదివిన పిల్ల. ధైర్యం కలది. చెబితే నేనేం చెయ్యగలను.

అన్నం తినలేదు.

అక్టోబర్ 18

పదకొండుకు ఫోన్ మోగింది. ప్రత్యూష తీసింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"హలో. అవునండీ. నేను వాళ్ళ మిసెస్‌ని." గొంతు సవరించుకుంది. "అదేనండీ... ఆయన... స్నానం చేస్తున్నారు."

ఫోన్ పెట్టేసి అక్కడే కుర్చీలో కూర్చుంది. నేను బయటికి రాలేదు. అరగంట తర్వాత మళ్ళీ మోగింది. స్నానం అయిందా అని.

"తలంటుకుంటున్నారండీ" అంది ప్రత్యూష.

మధ్యాహ్నం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిన్నాం. గోంగూర పచ్చడి బాగా కుదిరింది.

అక్టోబర్ 20

దీపావళి. మాకు లేదు. వాళ్ళకు సెలవు. ఫోన్ రాలేదు.

అక్టోబర్ 22

ఆయనకు తెలిసిపోయింది. ప్రత్యూష చెప్పింది. చెప్పి మంచి పని చేసింది, ఇద్దరమే మొయ్యలేకపోతున్నాం.

"ఏమే, బుద్ధుందా" అన్నారు. "మనిషి లేడని చెప్పడానికి ఇన్ని రోజులా? ఆడాళ్ళిద్దరూ కలిసి ఏందిది? రేపు నేను చెప్తా. ఒక్క ముక్క. కోసేసినట్టు."

అక్టోబర్ 23, గురువారం

కొట్టుకు పోకుండా పది నుంచే చొక్కా వేసుకుని ఫ్రిజ్ పక్కన కూర్చున్నారు. మోగింది.

"హలో. ఆఁ, నేను వాళ్ళ నాన్నను. వెంకటాద్రి. చెప్పేది వినమ్మా. మా వాడు..." చెప్పులు వేసుకున్నారు, విప్పారు. "గోడౌన్‌కు పోయాడమ్మా. స్టాకు దిగుతోంది."

ఫోన్ నా చేతిలో పెట్టి, నిజంగానే గోడౌన్‌కు పోయారు. ఇవాళ స్టాకేమీ రాలేదు. సాయంత్రం ఆరుకు వచ్చారు. గుమాస్తా చెప్పాడు, అక్కడ బస్తాల మీద కూర్చుని ఉన్నారట.

అక్టోబర్ 25

అన్నయ్య మళ్ళీ వచ్చాడు. కళ్ళు తెరిచిన ఫోటోలు, కోతి టోపీ ఒకటి తెచ్చాడు. ఇంట్లోనే పెట్టుకుని తిరిగాడు, అలవాటు కావాలంట. మేం ముగ్గురం చేస్తున్నది విని మండిపడ్డాడు.

"మతులు పోయినాయా మీకు? ఇట్టయితే నా పేరు ఎప్పుడు ఎక్కిద్ది? ఇట్టా తే ఫోను."

పదకొండుకు అతనే తీశాడు. టోపీ మీదనే చెవికి పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, నేను ఉపేంద్ర మేనమామను. వాడి బదులు నేనొస్తా, నా పేరు రాసుకో."

అవతల ఏదో అడిగింది. "సార్‌కి ఏమైంది?" అని ఉంటుంది.

అన్నయ్య నావైపు చూశాడు. ఉపేంద్రను సైకిల్ మీద కూర్చోబెట్టి మాచర్ల అంతా తిప్పినవాడు ఇతనే.

"ఏం కాలేదు" అన్నాడు చివరికి. "వాడికేం. వాడే వస్తాడు. నేనే ఊరికే అడిగా."

టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. భోజనం కూడా చెయ్యకుండా మూడు గంటల బస్సుకు పోయాడు.

అక్టోబర్ 28, మంగళవారం

వాన. కరెంటు పోయి వస్తోంది. ఫోన్ చార్జింగ్ కోసం యాస్మిన్ వాళ్ళ ఇన్వర్టర్ దగ్గరికి రెండుసార్లు తిరిగాను.

ఇవాళ ఆ పిల్ల గొంతు వేరుగా ఉంది.

"మేడమ్, నలభై రెండు మంది డీలర్లలో సార్ ఒక్కరే పెండింగ్. ఒక్క మనిషి చేత ఊరి పేరు చెప్పించలేకపోయావు, నువ్వేం పనికొస్తావని మా మేనేజర్ అందరి ముందూ అంటున్నారు. రేపు కూడా కాకపోతే నన్ను తీసేస్తారట. ఒక్కసారి సార్‌కి ఇవ్వండి మేడమ్. ఒక్క నిమిషం."

ఇస్తానమ్మా, రేపు తప్పకుండా ఇస్తా అన్నాను.

ఎవరో కన్నపిల్ల. నేను రోజుకో ప్రశ్న దాచుకుని అడుగుతుంటే, అవన్నీ కనుక్కుని చెప్పింది. పెరుగు తియ్యగా ఉంటుందని చెప్పింది.

ఎలా ఇవ్వాలి.

అక్టోబర్ 29, బుధవారం

ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ప్రత్యూష స్పీకర్ పెట్టింది. మీరు చెప్పండి, నువ్వు చెప్పు అని ఎవరూ అనలేదు. మోగగానే నేనే తీశాను.

"శ్రీదివ్యా, మా అబ్బాయి లేడమ్మా."

"ఎప్పుడొస్తారు మేడమ్?"

"రాడు. చచ్చిపోయాడు. ఆగస్టు పదిహేడున. జ్వరం వచ్చి."

ఆ మాట నేను అనడం ఇదే మొదలు. అందరూ పోయాడు అంటే నేనూ పోయాడు అంటూ వచ్చాను. పోయాడంటే ఎక్కడికో పోయినట్టే ఉంటుంది గదా.

అవతల కంప్యూటర్ నొక్కే టకటక శబ్దం ఆగిపోయింది. "మరి ఇన్ని రోజులు మేడమ్..." అంది.

"అడగబాకమ్మా."

"అడగను మేడమ్."

ముక్కు చీదుకున్నట్టు వినపడింది. తర్వాత, "పేరు తీసేస్తాను మేడమ్. మీరేం కంగారు పడకండి. నలభై ఒకటి అని రాసి ఇచ్చేస్తే నా పని కూడా అయిపోతుంది" అంది. మళ్ళీ టకటక. ఆగింది. మళ్ళీ టకటక.

"మేడమ్, ఒకటి అడగనా? తిట్టకండి."

"అడుగమ్మా."

"ఊరు ఏది పెట్టమంటారు?"

ఆయన ఫోన్ మీదికి వంగారు. "మనిషే లేడని చెప్తంటే ఊరేందమ్మా?"

"క్యాన్సిల్ చెయ్యాలన్నా ముందు ఊరు పెట్టాలి సార్. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ క్యాన్సిల్ నొక్కనివ్వడం లేదు. ఎందుకో నాకూ తెలియదు సార్. అట్లా తయారు చేశారు."

మేం ముగ్గురం ఒకళ్ళ వంక ఒకళ్ళం చూసుకున్నాం. ప్రత్యూషకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో పెట్టుకున్నా ఆగలేదు. దాన్ని చూసి నాకూ వచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపులోకి పోయింది, మళ్ళీ వచ్చింది. ఆయన మాత్రం నిజంగానే ఆలోచిస్తున్నారు. "పద్నాలుగు మంది హోచిమిన్ అన్నారు" అన్నారు. "ఎండకు హనోయే మేలు మామయ్యా" అంది ప్రత్యూష, కళ్ళు తుడుచుకుంటూ.

"శ్రీదివ్యా, నువ్వు చూశావా ఆ ఊళ్ళు?" అని అడిగాను.

"లేదు మేడమ్. నాకు పాస్‌పోర్టే లేదు. కాగితం చూసి చెప్పాను మీకు, అన్నీ."

"మంచాలు కూడానా?"

"అది హోటల్‌కి ఫోన్ చేసి అడిగాను మేడమ్."

"నిన్ను పంపిస్తే ఏ ఊరు పోతావు?"

ఆ ప్రశ్న ఆ పిల్లను ఎవరూ అడిగి ఉండరు.

"హనోయ్ మేడమ్. ఒక ఫోటో ఉంది ఇక్కడ. పొద్దున్నే ఆ చెరువు చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి, మెల్లగా చేతులు ఊపుతూ ఉంటారు. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు."

"అదే పెట్టమ్మా."

ఆయన అవునన్నట్టు తలూపారు. పద్నాలుగు మంది సంగతి ఎత్తలేదు.

"పెట్టాను మేడమ్" అంది. తర్వాత, "నొక్కనా?" అంది.

ప్రత్యూష నా చెయ్యి పట్టుకుంది. నొక్కు అన్నాను.

అక్టోబర్ 30

పదకొండు అయింది. పన్నెండు అయింది.

ఆయన పదింబావుకు చిల్లర కోసం వచ్చానని కొట్టు నుంచి వచ్చారు. ఒంటిగంటకు చిల్లర తీసుకోకుండా పోయారు.

అక్టోబర్ 31, శుక్రవారం

రెండున్నరకు వాడి ఫోన్ మోగింది. ఆయన భోజనానికి కూర్చున్నారు, ప్రత్యూష వడ్డిస్తోంది. కొత్త నంబరు. తీశాను.

మనిషి కాదు, మిషను. ఆడగొంతే గానీ ముక్కముక్కగా పలుకుతోంది. "నమస్కారం. ఉపేంద్ర. గారూ. మీ. హనోయ్. ప్రయాణం విషయంలో మా ప్రతినిధి శ్రీదివ్య. మీకు బాగా సహాయం చేశారా? చాలా బాగా అయితే ఐదు నొక్కండి. అస్సలు బాగాలేకపోతే ఒకటి నొక్కండి. మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కండి."

ప్రత్యూషకు చూపించి, తొమ్మిది ఎక్కడుందో అడిగాను. స్పీకర్ కూడా పెట్టింది.

"నమస్కారం. ఉపేంద్ర. గారూ."

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపారు. పూర్తిగా అయ్యేదాకా విన్నారు. ఇంకోసారి నొక్కాను, అదీ విన్నారు. నాలుగోసారికి గరిటె చప్పుడు కాకుండా కింద పెట్టి ప్రత్యూష కూడా కూర్చుంది.

"ఐదు నొక్కవే. ఆ పిల్లకు మంచి పేరొస్తుంది" అన్నారు ఆయన.

"నొక్కుతాలెండి" అని తొమ్మిది నొక్కాను.